“ఇక ఆడలేను” అన్న మాట అతడి నోటనే రావాలి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 24 ఏళ్ళు. కంచరపాలెం నుంచి వెళ్ళి ఐదేళ్ళుగా బయటి రాష్ట్రంలో క్లబ్బుకు ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. కుడి మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ అయింది. కోలుకుని ఆడుతుండగా పదహారు నెలలకు మళ్ళీ అదే తెగింది. ఈసారి మోకాలి లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగింది, మృదులాస్థి (కార్టిలేజ్) కూడా దెబ్బతింది. ముగ్గురు డాక్టర్లు ఆట మానుకోమన్నారు. మీ నాన్నగారు అప్పు చేసైనా ఇంకో ఆపరేషన్ చేయిద్దామంటున్నారు. మీ మేనమామ రైల్వే ఉద్యోగం చూస్తానంటున్నారు. అతడు మాత్రం మూడు నెలలుగా గదిలోంచి బయటికి రావడం లేదు. నిజంగా అయిపోయిందా, అతడితో ఏం చెప్పాలి, తర్వాత బతుకుతెరువు ఏమిటి, మంచం కింద ఉన్న బూట్లు ఎవరికైనా ఇచ్చేయమంటారా అని అడిగారు.

నేను పాతికేళ్ళకు పైగా విశాఖలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. అంతకుముందు కలకత్తాలో ఆడేవాణ్ణి. 23వ ఏట మోకాలు పోయి ఆట ఆగిపోయింది. అందుకే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదే అప్పట్లో మా ఇంట్లోనూ జరిగింది.

కలకత్తా లీగు వానాకాలంలో జరుగుతుంది. 1996 జూలైలో ఒక సాయంత్రం బురద గ్రౌండులో బంతి ఆపి పక్కకు తిరగబోయాను. ఎవరూ నన్ను తాకలేదు. ఎడమ పాదం బురదలో దిగబడి అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాలి లోపల ‘టప్’మంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బెణుకే, రెండు వారాల్లో తగ్గిపోతుందన్నారు. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చి నాలుగు మ్యాచ్‌లు ఆడించారు. ఆ నాలుగు మ్యాచ్‌లలోనే మెనిస్కస్ కూడా పోయింది. తర్వాత నువ్వు ఇక రానక్కర్లేదని నాతో ఎవరూ చెప్పలేదు. మరుసటి సీజన్‌కు పిలుపు రాలేదు, అంతే.

హౌరాలో రైలెక్కి ఇంటికి వచ్చేశాను. అడిగిన వాళ్ళందరితో వచ్చే సీజన్‌కు వెళ్తానని చెప్పాను. అలా మూడేళ్ళు చెప్పాను. మూడు జూన్‌లు మా అమ్మ నా సంచి సర్దింది, మూడు జూలైలు మళ్ళీ విప్పింది. ఆ మూడేళ్ళలో నేను ఆటగాణ్ణీ కాదు, ఇంకేదీ కాదు. చదువులో చేరలేదు, పనిలో చేరలేదు. మోకాలికి చేయించుకోవాల్సిన వైద్యమూ సరిగ్గా చేయించుకోలేదు. తిరిగి ఆడతానేమోనన్న ఆశే అన్నిటికీ అడ్డం నిలిచింది. చివరికి ఒక సాయంత్రం రైల్వే గ్రౌండు గోడ మీద కూర్చుని పిల్లల ఆట చూస్తుంటే, ఒకప్పుడు రైల్వేకు ఆడిన పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఎలా ఉంది మోకాలు అనలేదు, మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావు అనలేదు. “ఆడటం ఎప్పుడు మానేశావు బాబూ?” అని అడిగారు. “తొంభై ఆరు జూలైలో” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఇంటికి వెళ్ళి అమ్మతోనూ చెప్పాను. ఆ రాత్రి చాలా సేపు ఏడ్చాను. మర్నాటి నుంచి బతకడం మొదలుపెట్టాను.

అందుకే చెబుతున్నానమ్మా, మీ తమ్ముడిని తినేస్తున్నది మోకాలి నొప్పి కాదు. ఆడతానా ఆడనా అన్న ఆ మధ్య స్థితి. డాక్టరు ఆట మానమంటే అది సలహా అవుతుంది. మీరు మానమంటే పోట్లాట అవుతుంది. అతడే “మానేశాను” అంటేనే అది ముగింపు. ఆ మాట అతడు అనగలిగేలా చేయడమే మీ ఇంటిల్లిపాది పని. మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి.

ఎంత గొప్పవాళ్ళకైనా ఇంతే. డచ్ ఆటగాడు మార్కో వాన్ బాస్టెన్‌ను 1988, 1989, 1992లలో మూడుసార్లు యూరప్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నారు. చీలమండ దెబ్బతో 1993 మేలో ఆఖరి మ్యాచ్ ఆడాడు. అప్పటికి అతడికి 28 ఏళ్ళు. కానీ రిటైరవుతున్నానని ప్రకటించింది 1995 ఆగస్టులో. మధ్యలో రెండేళ్ళకు పైగా ఆపరేషన్లు, ఎదురుచూపులు. ఆ ఆగస్టులో మిలాన్ స్టేడియంలో మామూలు దుస్తుల్లో మైదానం చుట్టూ తిరిగి చేతులూపి సెలవు తీసుకున్నాడు. మైదానం పక్కన కూర్చున్న మిలాన్ జట్టు కోచ్ ఫాబియో కాపెల్లో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మీ తమ్ముడికి అంత స్టేడియం ఉండదు. కానీ సెలవు తీసుకునే హక్కు అతడికీ ఉంది.

ఇక మోకాలి సంగతి. నేను డాక్టరును కాను, చాలా మోకాళ్ళను దగ్గరగా చూసినవాణ్ణి. మీ తమ్ముడికి తెగింది ఏసీఎల్ అనే లిగమెంటు, అది మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. ఆపరేషన్‌లో మన ఒంట్లోనే ఇంకో చోటి నుంచి తీసిన కండర నారను దాని స్థానంలో అమరుస్తారు. అది ఒంటికి అతికి గట్టిపడటానికి నెలలు పడుతుంది. మొదటి తొమ్మిది నెలలలోపు ఆటకు దిగితే మళ్ళీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ. రెండోసారి చేసే ఆపరేషన్ ఫలితం సాధారణంగా మొదటిదాని అంత బాగా ఉండదు. మెనిస్కస్ రెండెముకల మధ్య మెత్త లాంటిది. అది పోతే భారమంతా మృదులాస్థి మీద పడుతుంది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు, అరిగితే మునుపటిలా తిరిగి పెరగదు. మీరు రాసిన ఎంఆర్ఐ రిపోర్టులో ఈ మూడూ కలిసి ఉన్నాయి కాబట్టే ముగ్గురు డాక్టర్లూ ఒకే మాట చెప్పి ఉంటారు.

మీ నాన్నగారికి ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పండి. నడవడానికి చేసే ఆపరేషన్ వేరు, ఆడటానికి చేసే ఆపరేషన్ వేరు. మెట్లు దిగుతుంటే మోకాలు పక్కకు జారిపోతున్నా, చిరిగిన మెనిస్కస్ మధ్యలో ఇరుక్కుని కాలు ముడుచుకోక బాధపెడుతున్నా ఆపరేషన్ అవసరం కావచ్చు. అది వచ్చే నలభై ఏళ్ళ కోసం. దానికి ఖర్చు పెట్టడంలో తప్పు లేదు. అంతేగాని మళ్ళీ ఆడిస్తామని ఎవరైనా నమ్మబలికితే దానికోసం అప్పు చేయవద్దు. ఈసారి డాక్టరు దగ్గరికి మీ తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళండి. ప్రశ్న అతడే అడగాలి. “నేను ఆడగలనా?” అని అడిగితే డాక్టర్లు మనసు నొచ్చుకుంటుందని మెత్తగా జవాబు చెబుతారు, ఆ మెత్తదనంలోనే మనవాడు ఆశ వెతుక్కుంటాడు. “మీ సొంత కొడుకైతే ఈ మోకాలితో ఆడనిస్తారా? 50 ఏళ్ళకు ఈ మోకాలు ఎలా ఉంటుంది?” అని అడగమనండి. నా ఎడమ మోకాలు ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలుసు. సింహాచలం మెట్లెక్కి చాలా ఏళ్ళయింది.

ఇంకొకటి. మన విశాఖ కుర్రాళ్ళకు మోకాలు నొప్పి పుడితే బీచ్ ఇసుకలో పరిగెత్తడం అలవాటు. ఇసుక మెత్తగా ఉంటుంది కాబట్టి మంచిదనుకుంటారు. పట్టు తప్పిన మోకాలికి మెత్తని ఇసుక మంచిది కాదు, అడుగు ఎటు ఒరుగుతుందో తెలియదు. నీళ్ళ అంచున గట్టిగా ఉన్న చోట పరిగెడితే నేల సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలి మీదే భారం పడుతుంది. ఫిజియో చెప్పేదాకా ఇసుక జోలికి పోవద్దు. సైకిలు, ఈత మంచివి. ఈత కూడా ఈతకొలనులోనే, సముద్రంలో కాదు. ఆర్కే బీచ్ దగ్గర నీళ్ళు ఎంతమందిని లాగేసుకున్నాయో మన ఊళ్ళో అందరికీ తెలుసు. తొడ కండరాలను బలంగా ఉంచుకోవడం అన్నిటికంటే ముఖ్యం. తిండి కూడా చూసుకోవాలి. రోజుకు రెండు పూటలా ఆడినవాడి ఆకలి ఆట ఆగగానే తగ్గదు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. పెరిగితే లెక్క అటు తిరుగుతుంది.

తెలుగువాళ్ళం ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం పేరు మరిచిపోకూడదు. సికింద్రాబాద్‌లో పుట్టి, భారత జట్టు కోచ్ రహీం సాబ్ చేతిలో తయారై, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాదే, 27 ఏళ్ళకే, ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆట మానాల్సి వచ్చింది. మెడలో స్వర్ణ పతకం పడిన కొద్ది కాలానికే ఆట పోయింది. ఆయన చివరగా ఆడింది బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు. మన వాల్తేరు స్టేషన్ కూడా ఒకప్పుడు ఆ రైల్వే కిందిదే. ఆ తరంలో చాలామందికి ఆటతోపాటు రైల్వేలోనో పోలీసులోనో పోర్టులోనో ఉద్యోగం ఉండేది. కాలు విరిగినా జీతం ఆగేది కాదు. మీ తమ్ముడి తరానికి ఉన్నది ఒప్పందం ఒక్కటే. అందుకని ఆ కాగితాన్ని ఇప్పుడే బయటికి తీయండి.

గడువు ఇంకా మిగిలి ఉంటే, గాయపడ్డాడన్న ఒక్క కారణంతో క్లబ్బు ఒప్పందాన్ని తెంచుకోవడం ఫిఫా నియమాల ప్రకారం సాధారణంగా చెల్లదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే మధ్యలో ముగుస్తుంది. అందుకే క్లబ్బులు “పరస్పర అంగీకారం” అని రాసి ఉన్న కాగితం పంపుతాయి. మనసు బాగోలేనివాడు చదవకుండా సంతకం చేసేస్తాడు. చేయనివ్వకండి. చేసేముందు బాకీ జీతం, వైద్యం ఖర్చు, బీమా, మూడూ రాతపూర్వకంగా రావాలి. గాయం మ్యాచ్‌లో అయిందో సాధనలో అయిందో, ఆ రోజు క్లబ్బు ఫిజియో ఏమని రాశాడో, ఆ నకళ్ళు అడిగి తెప్పించుకోండి. క్లబ్బులో మనుషులు మారిపోతే ఆ కాగితాలు దొరకవు. తగాదా వస్తే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ఉంది. భారత జట్టు మాజీ కెప్టెన్ భైచుంగ్ భూటియా వంటివాళ్ళు 2006లో పెట్టిన ఆటగాళ్ళ సంఘం కూడా ఉంది, వాళ్ళను సలహా అడగవచ్చు. ఈ పనులు అతడి చేత కాదు ఇప్పుడు. మీరు చేయాలి.

మీ మేనమామ గారి మాటకు వస్తాను. ఆయన మంచి మనసుతోనే అంటున్నారు, కానీ అందులో ఒక చిక్కుంది. రైల్వే స్పోర్ట్స్ కోటా నియామకాల్లో సర్టిఫికెట్లు చూసి ఉద్యోగం ఇచ్చేయరు, మైదానంలో ట్రయల్స్ పెడతారు. వాళ్ళకు కావలసింది తమ జట్టుకు ఆడేవాడు. వ్యాయామ విద్యలో బీపీఈడీ డిగ్రీ చేసి వ్యాయామ ఉపాధ్యాయుడు కావచ్చని ఇంకొకరు అంటారు. దాని ప్రవేశ పరీక్ష పీసెట్‌లో కూడా పరిగెత్తే, దూకే పరీక్షలుంటాయి. అందరికీ మొదట కనిపించే ఈ రెండు తలుపులూ పరిగెత్తమనే అడుగుతాయి. ఈ సంగతి తెలియక ఒక కుర్రవాడు ట్రయల్స్‌కు వెళ్ళి, అందరి ముందు మోకాలు జారి కూలబడి, ఆరు నెలలు మళ్ళీ గది దాటలేదు. నేను దగ్గరుండి చూశాను. మీవాణ్ణి అలా పంపకండి.

అతడు ఆడిన టోర్నమెంట్ల సర్టిఫికెట్లన్నీ, స్కూలు రోజులవి కూడా, ఒకచోట పెట్టండి. ట్రయల్స్ లేకుండా, క్రీడాకారులకు రిజర్వేషన్‌తో రాత పరీక్ష ద్వారా భర్తీ చేసే ఉద్యోగాలూ ఉంటాయి. వాటికి ఆ కాగితాలే ఆధారం. ఇంటర్‌తో చదువు ఆపేశాడని రాశారు కదా, ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్యలో డిగ్రీకి చేర్పించండి. ఏ పనికైనా అడిగేది ముందు డిగ్రీయే.

కోచ్ అవమని మాత్రం ఇప్పుడే చెప్పకండి. నా దగ్గరకు ఎందరో తల్లిదండ్రులు ఇలాంటి పిల్లల్ని తీసుకొచ్చి “మీ దగ్గర కోచింగ్‌లో పెట్టుకోండి” అంటారు. ఆకలితో ఉన్నవాణ్ణి వడ్డనకు నిలబెట్టినట్టు ఉంటుంది అది. తను ఆడలేని ఆటను తన కంటే తక్కువవాళ్ళు ఆడుతుంటే పక్కన నిలబడి ఈల ఊదడం మొదటి ఏడాది ఎవరికీ సాధ్యం కాదు. పిల్లల మీద విసుక్కుంటాడు, తర్వాత తనను తాను అసహ్యించుకుంటాడు.

అలాగని ఆటకు పూర్తిగా దూరం చేయమనీ అనను. ఇప్పుడు జర్మనీ జట్టు కోచ్‌గా పేరు తెచ్చుకున్న యూలియన్ నాగెల్స్‌మన్‌కు 20 ఏళ్ళకే మోకాలి దెబ్బతో ఆట పోయింది. అప్పుడు అతడు ఉన్న ఆగ్స్‌బర్గ్ క్లబ్బు రెండో జట్టుకు కోచ్ థామస్ టుఖెల్. ఆయన ఆట కూడా 25 ఏళ్ళకు మోకాలి మృదులాస్థి దెబ్బతోనే ఆగింది. కుర్రవాణ్ణి ఆయన శిక్షణ ఇవ్వమనలేదు. వచ్చే వారం మనతో ఆడబోయే జట్టును చూసి వచ్చి, వాళ్ళు ఎలా ఆడుతున్నారో చెప్పమన్నాడు. దెబ్బ తిన్నవాడి మనసు ఎక్కడ ఉంటుందో దెబ్బ తిన్న ఇంకొకడికి తెలుసు. నేనూ ఆ పద్ధతే పాటిస్తున్నాను. నా దగ్గరకు వచ్చే ఇలాంటి కుర్రవాడికి మొదట ఒక నోటుపుస్తకం ఇస్తాను. “ఈ మ్యాచ్‌లో ఎడమ వైపు డిఫెండర్‌ను ఒక్కణ్ణే చూడు, గంటన్నర, ఏం చేశాడో రాసి తీసుకురా” అంటాను. బయట నిలబడి జాలిపడేవాడిగా కాకుండా, తెలిసినవాడిగా మైదానానికి వస్తాడు. కొందరు రెండు వారాల్లో మానేశారు. మానేసినా మంచిదే, వాళ్ళకు ఆట వద్దని తెలిసింది. కొందరు ఏడాది రాశారు. వాళ్ళల్లో ఇద్దరు తర్వాత సమాఖ్య ఇచ్చే కోచింగ్ డి లైసెన్సు చేసి ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నారు. ఒకడు మ్యాచ్ వీడియోలు విశ్లేషించే పనిలో ఉన్నాడు. ఇంకొకడు గాజువాకలో ఇనుప సామాను దుకాణం పెట్టుకుని సుఖంగా ఉన్నాడు, ఆదివారం కూడా గ్రౌండుకు రాడు.

మూడు నెలలుగా గదిలోంచి రావడం లేదన్నారు. దీన్ని బద్ధకమనీ మొండితనమనీ అనుకోవద్దు. వృత్తి ఆటగాళ్ళ అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఆట మానిన ఆటగాళ్ళలో 35 శాతం మందికి కుంగుబాటు లేదా ఆందోళన లక్షణాలు కనిపించాయి. తీవ్రమైన గాయాలు మూడు, అంతకు మించి అయినవాళ్ళకు ఆ ప్రమాదం రెండు నుంచి నాలుగు రెట్లు. నిద్రపోతున్నాడా, తింటున్నాడా, బతకడం దేనికని ఎప్పుడైనా అన్నాడా, చూసుకోండి. చివరి మాట ఒక్కసారి అన్నా ఆలస్యం చేయకండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఆసుపత్రి పేరు చెబితే మన ఊళ్ళో మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. మోకాలికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు లేని సిగ్గు దీనికి ఎందుకు? బంధువులకు చెప్పాల్సిన పని లేదు, తీసుకెళ్ళండి.

అతడితో ఏం చెప్పాలని అడిగారు. తక్కువ చెప్పండి. “అంతా మన మంచికే”, “దేవుడు ఇంకో దారి చూపిస్తాడు” అనవద్దు. అది పుండు మీద కారం. పదేళ్ళ వయసు నుంచి తెల్లవారుజామున లేచి చేసిన పనంతా పోయింది, అది నిజంగా నష్టమే. నష్టమేనని ఇంట్లో ఒక్కరైనా ఒప్పుకోవాలి. ఆ ఒక్కరు మీరు కండి. అతడు ఆడిన వాటిలో మీకు గుర్తున్న మ్యాచ్ గురించి మాట్లాడండి. పాత ఫొటోలు దాచకండి. ముందు మోకాలి గురించి డాక్టరు దగ్గర ఆ ప్రశ్న అడగనివ్వండి. జవాబు విన్నాక ఒక గడువు పెట్టుకోమనండి, ఫలానా తేదీలోగా నిర్ణయం నీదే అని. ఆ తేదీ అతడే చెప్పాలి. అది వచ్చేదాకా ఇంట్లో ఎవరూ “మళ్ళీ ఎప్పుడు వెళ్తావు?” అని గాని, “ఇక ఆపేయ్” అని గాని అనకూడదు. మీ నాన్నగారి చేత ఈ మాట ఒట్టు వేయించుకోండి.

తర్వాత, అతడు ఆ మాట అన్నాక, చిన్నప్పుడు అతడితో ఆడిన కుర్రాళ్ళను పిలవండి. మొదట బంతి తన్నిన గ్రౌండులోనే ఒక సాయంత్రం మ్యాచ్ పెట్టించండి. అతడు పరిగెత్తనక్కర్లేదు. టాస్ వేసి, మొదటి తన్ను తన్ని, బయటికి వచ్చి కూర్చుంటే చాలు. మొదటి గురువు ఇంకా ఉంటే ఆయన్నీ పిలవండి. నాకు అలాంటిది జరగలేదు. ఆ తర్వాత నా దగ్గర ఆట మానాల్సి వచ్చిన నలుగురికి నేను దగ్గరుండి జరిపించాను.

బూట్ల సంగతి. తీయకండి, తుడవకండి, ఎవరికీ ఇవ్వకండి. దారిలో పడి ఉన్నాయని పక్కకు జరపను కూడా జరపకండి. మా అమ్మ నావి ఒకసారి అటక మీద పెట్టింది, ఆ రోజు ఆమెతో మాట్లాడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధ. మీ తమ్ముడు ఏదో ఒక రోజు తనే వాటిని బయటికి లాగి, స్టడ్ల సందుల్లో ఎండిపోయిన మట్టి పుల్లతో గీకడం మొదలుపెడతాడు. ఆ రోజు పక్కన కూర్చోండి. ఎవరికి ఇవ్వాలో అతడే చెబుతాడు.